విదేశాల్లో ఇంగ్లీషు చెప్పాలంటే సెల్టా వంటి శిక్షణ మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

సాగరతీరం:

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒంగోలులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఏడెనిమిదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఎంఏ ఇంగ్లీషు రెగ్యులర్‌గా చదివాను, బీఎడ్ కూడా ఉంది. విదేశంలో ఇంగ్లీషు బోధించే ఉద్యోగానికి ప్రయత్నించాలని ఇంట్లో అందరం కలిసి అనుకున్నాం. అయితే వెళ్లేముందు ప్రత్యేక శిక్షణ తీసుకోవాలా వద్దా అన్న దగ్గర ఆగిపోయాం. ఇంగ్లీషు బోధకులకు కేంబ్రిడ్జ్ పేరుతో ఇచ్చే సెల్టా సర్టిఫికెట్ కోర్సు ఫీజు లక్ష రూపాయలు దాటుతుంది, పూర్తికాలం చేస్తే నెల పైచిలుకు జీతం కూడా వదులుకోవాలి. ఇంకోవైపు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పూర్తిచేసే 120 గంటల టెఫ్ల్ (ఇంగ్లీషును విదేశీ భాషగా బోధించే శిక్షణ) సర్టిఫికెట్ కొన్ని వేల రూపాయలకే దొరుకుతోంది. ఈ మధ్య నేను సంప్రదించిన ఒక ఏజెన్సీ వారు తాము చెప్పిన చోటే ఆ సర్టిఫికెట్ తీసుకోవాలని, తీసుకుంటే థాయ్‌లాండ్‌లో ఉద్యోగం ఖాయమని అంటున్నారు. అప్పు చేసి శిక్షణ పొందితే దానికి తగిన ఫలితం ఉంటుందా, లేక ఇప్పుడున్న పట్టాలతోనే ప్రయత్నించడం మేలా అన్నది ఆ దారిలో వెళ్లినవారు చెప్పగలిగితే కృతజ్ఞుణ్ణి.

మస్కట్ టీచరమ్మ:

సాగరతీరం గారూ, సర్టిఫికెట్ సంగతి తర్వాత చూడవచ్చు. ముందుగా ఏ దేశం, ఎలాంటి విద్యాసంస్థ అన్నది తేల్చుకోండి. మీ దగ్గర ఎంఏ, బీఎడ్, అనుభవం మూడూ ఉన్నాయి కనుక గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ పాఠ్యప్రణాళికతో నడిచే భారతీయ పాఠశాలలు మీకు సహజంగా తెరుచుకునే తలుపు. నేను ఒమాన్‌లో అటువంటి పాఠశాలలోనే పనిచేస్తున్నాను. ఇక్కడ దరఖాస్తు చూసేవారు మొదట బీఎడ్ ఉందా అని చూస్తారు, తర్వాత బోర్డు తరగతులకు చెప్పిన అనుభవం, ఆపైన డెమో పాఠం. మా ఇంగ్లీషు విభాగంలో సెల్టా ఉన్నవారు ఎవరూ లేరు. అది లేనందువల్ల ఎవరి జీతమూ తగ్గలేదు, ఎవరికీ పదోన్నతి ఆగలేదు.

బ్రిటిష్ పాఠ్యప్రణాళిక ఉన్న పాఠశాలల్లో జీతాలు బాగుంటాయన్నది నిజమే. అయితే అక్కడ వారు అడిగేది పీజీసీఈ వంటి పాఠశాల ఉపాధ్యాయ అర్హతను. సెల్టా పుట్టిందే పెద్దవారికి ఇంగ్లీషు నేర్పే భాషా సంస్థల కోసం. కేంబ్రిడ్జ్ పేరు ఉంది కదా అని పాఠశాలలన్నీ దానికి తలవంచుతాయని అనుకుంటే లక్ష రూపాయలు పోయాక గానీ తత్వం బోధపడదు. గల్ఫ్ పాఠశాలలే మీ లక్ష్యమైతే ఆ డబ్బును పత్రాల ధ్రువీకరణకు, మొదటి రెండు నెలల ఇంటి అద్దెకు దాచుకోండి.

పాఠం పలక:

టీచరమ్మ గారు చెప్పింది పాఠశాలల వరకు అక్షరాలా నిజం. నేను భాషా సంస్థల వైపు నుంచి రాస్తాను. సెల్టా చేసిన తర్వాత వియత్నాంలో హోచిమిన్ నగరంలో పనిచేస్తున్నాను.

తూర్పు ఆసియా గురించి ఆలోచించేవారు మొట్టమొదట చూసుకోవలసింది వీసా నిబంధనల్లో మన పాస్‌పోర్టు స్థానం. దక్షిణ కొరియా ఇంగ్లీషు బోధకులకు ఇచ్చే ఈ-2 వీసా ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే పరిమితం: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత–కొరియా ఆర్థిక ఒప్పందం కింద ఇంగ్లీషు ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులకు ప్రభుత్వ పాఠశాలల్లో సహాయక బోధకులుగా ఒక సందు ఉంది. ఆ సందుకు కూడా కావలసింది డిగ్రీ, బీఎడ్ వంటి ఉపాధ్యాయ పట్టా. టెఫ్ల్ సర్టిఫికెట్ వాటికి బదులు కాదు. చైనాలో సాధారణ నియమం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల నుంచి వచ్చినవారికే అనుకూలం. అక్కడ బోధనా సర్టిఫికెట్ చేసే పని ఏమిటంటే, రెండేళ్ల అనుభవం లేనివారికి ఆ షరతు నుంచి మినహాయింపు ఇప్పించడం. అంటే అది ఇరవై రెండేళ్ల బ్రిటిష్ కుర్రవాడికి ఉపయోగపడినంతగా ఏళ్ల అనుభవం ఉన్న మీకు ఉపయోగపడదు. పైగా 2021 జులైలో చైనా ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్ల మీద కఠిన ఆంక్షలు తెచ్చాక, విదేశాల్లో కూర్చుని చైనా పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే దారి కూడా మూసుకుపోయింది. జపాన్‌లో మాత్రం పాఠశాలల్లో పనిచేసేవారికిచ్చే బోధకుల వీసా నియమాల్లో, ఏ భాష చెప్పదలచుకున్నారో ఆ భాషా మాధ్యమంలో పన్నెండేళ్లు చదివి ఉండాలన్న షరతు ఉంది. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన మన పిల్లలకు అది కలిసివచ్చే విషయం, తెలుగు మీడియంలో చదివినవారికి అడ్డంకి. ఏ సర్టిఫికెట్టూ ఈ లెక్కను మార్చలేదు.

ఇంత చెప్పాక కూడా సెల్టా చేయమనే నేను అంటాను, వీసా అనుమతించే చోటు మీరు ఎంచుకున్నారనే షరతు మీద. కారణం ఆ కోర్సు నడిచే తీరు. హేక్రాఫ్ట్ దంపతులు 1962లో లండన్‌లో మొదలుపెట్టిన ఉపాధ్యాయ శిక్షణ నుంచి పెరిగి, 1988లో కేంబ్రిడ్జ్ చేతికి వచ్చిన కోర్సు ఇది. కనీసం 120 గంటల శిక్షణ, నాలుగు రాతపనులు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటల బోధన, అదీ కనీసం రెండు స్థాయిల తరగతుల్లో. శిక్షకుడు వెనుక కూర్చుని నిమిషం నిమిషం రాసుకుంటూ ఉంటారు, తోటి అభ్యర్థులూ చూస్తూ ఉంటారు. పాఠం అయ్యాక అందరూ కూర్చుని ఏ దశలో తరగతి పట్టు తప్పింది, ఎందుకు తప్పింది అని చర్చిస్తారు. మన దగ్గర బీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీస్ చాలాచోట్ల రికార్డు పుస్తకాల్లోనే ముగిసిపోతుందని చదివినవారందరికీ తెలుసు.

ఒక ఉదాహరణ ఇస్తాను. ‘షీ హ్యాజ్ వర్క్‌డ్ ఎట్ ద బ్యాంక్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అన్న వాక్యాన్ని మనం ఎలా చెబుతాం? బోర్డు మీద ‘హ్యావ్ లేదా హ్యాజ్ ప్లస్ వీ త్రీ’ అని సూత్రం రాసి, పది వాక్యాలు నింపించి, చివర్లో ‘అర్థమైందా?’ అని అడుగుతాం. తరగతి అంతా ‘యెస్ సర్’ అంటుంది. సెల్టాలో ఆ ప్రశ్న అడగనివ్వరు. దానికి బదులు, ఆమె ఇప్పుడూ ఆ బ్యాంకులోనే ఉందా, ఎప్పుడు చేరింది, రేపు కూడా వెళ్తుందా అని చిన్న ప్రశ్నలు వేయాలి. బోర్డు మీద ఒక గీత గీసి, ఆమె చేరిన సంవత్సరం నుంచి ఈ రోజు వరకు విద్యార్థి చేతే గుర్తు పెట్టించాలి. ఎవరికి అర్థం కాలేదో అక్కడే బయటపడుతుంది. అలాగే, ఒక పని చేయమని చెప్పి కాగితాలు పంచితే విద్యార్థులు కాగితం వైపే చూస్తారు గానీ మన మాట వినరు. కనుక ముందు సూచన, తర్వాత ఒక్క విద్యార్థితో నమూనా, ఆ తర్వాతే కాగితం. ఇవి వినడానికి చిన్న సంగతులే. తెలుగులో వివరించే వెసులుబాటు లేని తరగతిలో నిలబడినప్పుడు మాత్రం ఇవే మనల్ని నిలబెడతాయి. వియత్నాం విద్యార్థులు పదం చివరి హల్లును మింగేస్తారు. ‘నైస్’, ‘నైన్’, ‘నైట్’ మూడూ చాలామంది నోట ఒకేలా వినిపిస్తాయి. ఆ తేడాను వారి చెవికి పట్టించే పద్ధతి నాకు కోర్సులో ధ్వనుల పాఠాలు నేర్చుకున్నందువల్లే తెలిసింది. ఇక్కడ ఉద్యోగం ఇచ్చే ముందు డెమో పాఠం పెడతారు. మన యాస విని సందేహించిన యజమాని కూడా పాఠం నడిచిన తీరు చూశాక మనసు మార్చుకున్న సందర్భాలు చూశాను.

కొత్తదారి:

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. నేను ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఒక ప్రభుత్వ పాఠశాలలో చెబుతున్నాను. నా దగ్గర ఉన్నది ఆన్‌లైన్ 120 గంటల సర్టిఫికెట్టే. అది వీసా దస్త్రంలో ఒక కాగితంగా పనిచేసిందన్నది నిజం, కనుక దాన్ని పూర్తిగా వృథా అనను. కానీ అందులో ఒక్క విద్యార్థి ముఖం కూడా కనిపించదు. వీడియోలు చూడడం, సరైన సమాధానాన్ని గుర్తించడం, చివరకు పీడీఎఫ్ దింపుకోవడం, అంతే. నలభై మంది ఏడో తరగతి పిల్లలున్న గదిలోకి వెళ్లినప్పుడు అందులోని ఒక్క పేజీ కూడా అక్కరకు రాలేదు. నాకు పని నేర్పింది పక్క గదిలో చెప్పే థాయ్ ఉపాధ్యాయురాలు.

సాగరతీరం గారు థాయ్‌లాండ్ అన్నారు కనుక రెండు విషయాలు. ఇక్కడ పాఠశాలల్లో చెప్పాలంటే నాన్-ఇమిగ్రెంట్ బీ వీసా, వర్క్ పర్మిట్‌తో పాటు ఉపాధ్యాయ మండలి, అంటే ఖురుసఫా, ఇచ్చే లైసెన్సు గానీ తాత్కాలిక అనుమతి గానీ ఉండాలి. విద్యాశాస్త్రంలో పట్టా లేనివారు తాత్కాలిక అనుమతుల మీద నెట్టుకురావాలి. వాటికి గడువు ఉంటుంది కనుక ఏళ్ల తరబడి ఉండాలంటే చిక్కే. నాకు బీఎడ్ లేదు, మీకు ఉంది. ఈ దేశంలో మీ బీఎడ్ విలువ నా సర్టిఫికెట్ లాంటివి పది ఉన్నా రాదు. రెండోది, ఇంగ్లీషు మాతృభాషగా లేని దేశాల వారిని ఇంగ్లీషు సామర్థ్యాన్ని కొలిచే టోయిక్ పరీక్షలో 600 మార్కులు చూపించమంటారు. ఎంఏ ఇంగ్లీషు చదివిన మీకు అది కష్టం కాదు. అందువల్ల ఏజెన్సీ చెప్పిన సర్టిఫికెట్ కంటే ముందు ఆ పరీక్ష రాయండి.

ఉద్యోగం ఖాయమని చెప్పే ఏజెన్సీకీ, వారు కొనమనే సర్టిఫికెట్‌కూ మధ్య ఏమి సంబంధమో కూడా అడగండి. నన్ను ఇలాగే ఒకరు ఫలానా చోటే కొనాలని పట్టుబట్టారు. తీరా చూస్తే ఆ సంస్థ, ఈ ఏజెన్సీ రెండూ ఒకే చిరునామాలో ఉన్నాయి. నేను పక్కకు తప్పుకుని పాఠశాలకే నేరుగా దరఖాస్తు పెట్టుకున్నాను.

పాత లెక్చరర్:

నా అభిప్రాయం కొంత భిన్నమైనది. నేను ఇథియోపియాలో విశ్వవిద్యాలయ స్థాయిలో ఇంగ్లీషు చెప్పి వచ్చినవాణ్ణి. మా తరంలో ఇథియోపియా, ఎరిత్రియా, లిబియా దేశాల కళాశాలలకు మన ప్రాంతం నుంచి చాలామంది వెళ్లారు. వారిలో నాకు తెలిసిన ఎవరినీ సెల్టా అడగలేదు. ఎంఏ, ఎంఫిల్, పీహెచ్‌డీ చూశారు, తీసుకున్నారు. సౌదీ విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది ఇంగ్లీషు విభాగాల ప్రకటనల్లో టీసాల్ అనే ఇంగ్లీషు బోధనా సర్టిఫికెట్ లేదా సెల్టా ఉంటే మంచిదని రాస్తారు గానీ, మొదటి గడిలో అడిగేది పీజీ పట్టానే.

లెక్క సూటిగా చూడండి. శిక్షణకు లక్షన్నర ఖర్చయిందనుకుందాం. దానివల్ల నెలకు అదనంగా పదివేలు వస్తేనే అసలు తిరిగి రావడానికి ఏడాది పైన పడుతుంది. ఏడాది ఒప్పందం మీద వెళ్లి, నచ్చక తిరిగి వచ్చేస్తే ఆ డబ్బు పోయినట్టే. ఇంటికి తిరిగి వచ్చాక మన జూనియర్ కళాశాలల యాజమాన్యాలు ఆ పత్రానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వవు. కనుక పెళ్లాం పిల్లలు ఉన్నవారు అప్పు చేసి మరీ శిక్షణ తీసుకోవడాన్ని నేను సమర్థించలేను.

ఇంకొక మాట కూడా చెప్పాలి. జీతం ఒక్కటే చూసి దేశాన్ని ఎంచుకోకండి. 2015లో లిబియాలోని సిర్తెలో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగువారు అపహరణకు గురై, 2016 సెప్టెంబరులో గానీ విడుదల కాలేదు. ఆ ఏడాది కాలం వారి కుటుంబాలు పడిన వేదన మన పత్రికలు చదివినవారందరికీ గుర్తుంటుంది.

తార్నాక వాసి:

పాత లెక్చరర్ గారి లెక్కలో ఒక అంశం చేరలేదు. శిక్షణ అంటే సెల్టా ఒక్కటే కాదు, లక్షన్నర ఒక్కటే ధర కాదు. హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మనకు కూతవేటు దూరంలో ఉంది. ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు అక్కడ ఉన్నాయి, దూరవిద్యలోనూ చేయవచ్చు. ఫీజు సెల్టాతో పోలిస్తే చాలా తక్కువ. విదేశీ భాషా సంస్థల యజమానులకు సెల్టా పేరు తెలిసినంతగా ఈ డిప్లొమా పేరు తెలియదన్నది ఒప్పుకోవలసిన విషయమే. కానీ గల్ఫ్, ఆఫ్రికా విశ్వవిద్యాలయాల్లో నియామక సంఘాల్లో కూర్చునేవారిలో ఆ సంస్థలో చదివినవారు ఉంటారు. వారికి దాని విలువ ఒకరు చెప్పనక్కర లేదు.

పాఠం పలక గారు వివరించిన పద్ధతుల వెనుక మన గడ్డ పాత్ర కూడా ఉందని నేటి అధ్యాపకులకు తెలియాలని నా కోరిక. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలల్లో ఎన్.ఎస్. ప్రభు గారి నాయకత్వంలో జరిగిన ప్రయోగాన్ని ప్రపంచమంతా బెంగుళూరు ప్రాజెక్టుగా చదువుకుంటోంది. వ్యాకరణం వల్లెవేయించకుండా, రైళ్ల సమయ పట్టిక, ఊరి పటం వంటివి ముందు పెట్టి, విద్యార్థి ఆలోచించి పరిష్కరించే క్రమంలో భాష పట్టుబడేలా చేయడం ఆ ప్రయోగం సారం. ఈనాడు శిక్షణ కోర్సుల్లో పని ఆధారిత బోధన అని చెప్పేది చాలావరకు దాని నుంచి పెరిగిందే. అటువంటి వారసత్వం ఉన్న చోటి నుంచి వెళ్లే ఉపాధ్యాయులు పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవారి ముందు తలవంచుకుని నిలబడనక్కర లేదు. పుట్టిన దేశాన్ని బట్టి ఉపాధ్యాయులను ఎంచడం తగదని ఇంగ్లీషు బోధకుల టీసాల్ అంతర్జాతీయ సంఘం 2006లోనే ప్రకటించింది. అయినా వీసా నిబంధనలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ అన్యాయాన్ని ఒక సర్టిఫికెట్ తొలగించదు. అయితే ఉద్యోగం ఇచ్చే వ్యక్తికి విచక్షణ ఉన్న ప్రతిచోటా, మీ పాఠాన్ని ఒక బయటి శిక్షకుడు చూసి లెక్కగట్టాడన్న ఆధారం మీ పక్షాన నిలుస్తుంది. బ్రిటిష్, అమెరికన్ అభ్యర్థుల కంటే మనకే ఆ ఆధారం ఎక్కువ అవసరం. ఇది బాధ కలిగించే నిజం, అయినా నిజమే.

పాఠం పలక:

తార్నాక వాసి గారికి ధన్యవాదాలు. పాత లెక్చరర్ గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. శిక్షణ ఫలితాన్ని మొదటి ఉద్యోగం జీతంతోనే కొలవకూడదు. నాతో పాటు చేరినవారిలో శిక్షణ లేనివారు చిన్నపిల్లల వారాంతపు తరగతులకే పరిమితమయ్యారు. శిక్షణ ఉన్నవారికి ఐఎల్ట్స్ తరగతులు, కంపెనీ ఉద్యోగుల తరగతులు వచ్చాయి. గంటకు చెల్లింపు అక్కడే ఎక్కువ. కొన్నేళ్ల తర్వాత సెల్టాకు పై మెట్టు అయిన డెల్టా చేసి శిక్షకులుగా మారేవారికి కూడా తొలి మెట్టు ఇదే. అప్పు విషయంలో మాత్రం ఆయన మాటే వినండి. సెల్టాను ఉద్యోగం చేసుకుంటూనే నెలల తరబడి పాక్షికంగా చేసే వీలుంది, 2020 తర్వాత పూర్తిగా ఆన్‌లైన్‌లో కూడా నడుపుతున్నారు. అయితే ఆన్‌లైన్ సెల్టాలో కూడా తెర మీద నిజమైన విద్యార్థులకే పాఠం చెప్పాలి, శిక్షకుడు చూస్తూనే ఉంటారు. వీడియోలు చూసి ముగించే కోర్సులతో దాన్ని కలపవద్దు. ఏ కోర్సు ప్రకటన చూసినా ఫీజు కంటే ముందు, నేను చెప్పే పాఠాన్ని ఎవరు చూస్తారు, ఎన్ని గంటలు చూస్తారు అని అడగండి.

సాగరతీరం:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ నా కృతజ్ఞతలు. ఏజెన్సీ వారికి ఈ రోజే వద్దని చెప్పేశాను. ముందుగా ఒమాన్, బహ్రెయిన్, యూఏఈ పాఠశాలలకు ఇప్పుడున్న పట్టాలతో దరఖాస్తులు పెడతాను. భాషా సంస్థల వైపు వెళ్లవలసి వస్తే వచ్చే వేసవి సెలవుల నాటికి, అప్పు లేకుండా పొదుపు చేసిన డబ్బుతో, సెల్టా చేస్తాను. నాకున్న చివరి సందేహం పత్రాల గురించి. ధ్రువీకరణ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మస్కట్ టీచరమ్మ:

మంచి నిర్ణయం. డిగ్రీ, పీజీ, బీఎడ్ అసలు పట్టాలు, అంటే ప్రొవిజనల్ కాదు, కాన్వొకేషన్ పట్టాలు, విశ్వవిద్యాలయం నుంచి ఇప్పుడే తీసుకోండి. చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత ఢిల్లీలోని విదేశాంగ శాఖది. ఒమాన్, బహ్రెయిన్‌లతో పాటు 2022 డిసెంబరు నుంచి సౌదీ కూడా అపోస్టిల్ ఒప్పందంలో, అంటే ఒక దేశం ధ్రువీకరించిన పత్రాన్ని మరో దేశం ఒప్పుకునే ఒప్పందంలో, ఉన్నాయి కనుక అక్కడికి విదేశాంగ శాఖ అపోస్టిల్ సరిపోతుంది. యూఏఈకి మాత్రం వారి దౌత్య కార్యాలయం ముద్ర కూడా కావాలి. దూరవిద్య పట్టాలను కొన్ని దేశాలు ఒప్పుకోవు, మీది రెగ్యులర్ కనుక ఆ చింత లేదు. పోలీసు క్లియరెన్సును మాత్రం ఆఖరున తీసుకోండి, దాని చెల్లుబాటు కొద్ది నెలలే.

సెల్టా చేస్తే ఆ పత్రం బ్రిటన్‌లో జారీ అవుతుంది కనుక దాన్ని మన విదేశాంగ శాఖ అపోస్టిల్ చేయదు. అవసరమైనప్పుడు బ్రిటన్‌లోనే చేయించాలి, దానికి వేరే ఖర్చు, వేరే సమయం.

అన్నిటికంటే ముందు పదో తరగతి మెమోను, పాస్‌పోర్టును పక్కపక్కన పెట్టి చూడండి. మన తెలుగువారికి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. విదేశీ అధికారి కళ్లకు ఆ ఇద్దరూ వేరు వేరు మనుషులు. తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. టోయిక్‌కు గానీ సెల్టాకు గానీ నమోదు చేసుకునేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే, అదే స్పెల్లింగుతో పేరు ఇవ్వండి. పత్రం అచ్చయ్యాక దాన్ని మార్పించడం కొత్తగా పరీక్ష రాయడం కంటే కష్టం.